నేపర్‌విల్‌లో తొలి నెలలు: ఉద్యోగంతోపాటు ఊరిలోనూ నిలదొక్కుకోవాలి

అమెరికాలో ఉద్యోగం కోసం తెలుగు యువత ఏళ్ల తరబడి సన్నద్ధమవుతున్నా, ఆ ఉద్యోగం సాగడానికి ఆధారమైన ఇల్లు, బండి, బ్యాంకు వంటి నిత్య వ్యవహారాలను విమానం దిగాక చూసుకోవచ్చని వదిలేయడం పరిపాటి. ఈ వ్యవహారాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి గనుక, వాటి వరుస ముందే తెలిసినవారికి పనిపై మనసు నిలుస్తుంది. షికాగోకు పడమరగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, 2020 జనగణన ప్రకారం 1,49,540 జనాభా గల నేపర్‌విల్ ఇందుకు తగిన ఉదాహరణ. 1966లో బెల్ ల్యాబ్స్ ఇక్కడ కేంద్రం తెరిచిన నాటినుంచి ఇంజినీర్లకు నెలవైన ఈ పట్టణంలోనూ, పొరుగున ఉన్న అరోరాలోనూ తెలుగు కుటుంబాలు చెప్పుకోదగ్గ సంఖ్యలో స్థిరపడ్డాయి.

పత్రాల వరుస

మొదట కావలసినది సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే జీతానికి, పన్నులకు ఆధారంగా ప్రభుత్వం కేటాయించే తొమ్మిదంకెల సంఖ్య. హెచ్-1బి ఉద్యోగ వీసాపై వచ్చినవారు పాస్‌పోర్టు, దేశప్రవేశాన్ని నమోదు చేసే ఐ-94 పత్రం చూపి దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎఫ్-1 వీసాపై వచ్చిన విద్యార్థికి మాత్రం అనుమతి పొందిన ఉద్యోగం ఉంటేనే ఇది లభిస్తుంది. తరువాతిది క్రెడిట్ స్కోరు, అంటే అప్పులను గడువులోగా తీర్చే అలవాటుకు సాధారణంగా 300 నుంచి 850 వరకు వేసే కొలమానం. స్వదేశంలోని మంచి పేరు ఇక్కడ సాధారణంగా లెక్కకు రాదు కాబట్టి, ఇల్లు అద్దెకిచ్చేవారు జీతం వివరాలతోపాటు ఎక్కువ అడ్వాన్సు కోరవచ్చు. డిపాజిట్ కట్టి తీసుకునే క్రెడిట్ కార్డును మితంగా వాడి, ప్రతినెలా బాకీ మొత్తం తీర్చడం ఇక్కడి అప్పుల చరిత్రకు మంచి పునాది.

రాకపోకలు, స్థానిక నియమాలు

షికాగోలో పనిచేసేవారికి నేపర్‌విల్, రూట్ 59 స్టేషన్ల నుంచి యూనియన్ స్టేషన్‌కు మెట్రా రైళ్లున్నాయి. అయినా స్టేషన్‌కు దూరంగా ఉండేవారికి కారు లేనిదే రోజు గడవదు. డ్రైవింగ్ లైసెన్సును నేపర్‌విల్ ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం ఇస్తుంది. అందుకు కంటి పరీక్షతోపాటు 35 ప్రశ్నల రాతపరీక్షలో కనీసం 28కి సరైన జవాబులు రాసి, ఆపై రోడ్డుమీద నడిపి చూపాలి. రాత్రి 2 నుంచి 5 గంటల మధ్య ఊరి వీధుల్లో బండి నిలపడం నిషిద్ధమని, కరెంటు సరఫరా చేసేది ప్రైవేటు కంపెనీ కాక నగర పాలక సంస్థేనని కొత్తవారు ముందే తెలుసుకుంటే జరిమానాలు, కనెక్షను ఆలస్యాలు తప్పుతాయి.

దాటరాని గడువులు

ఇల్లు మారిన 10 రోజుల్లో కొత్త చిరునామాను వలస విభాగానికి తెలియజేయాలి. విద్యార్థులు దానిని కళాశాల అధికారికి చెప్పాలి. చదువు తర్వాత పని అనుభవానికి ఇచ్చే ఓపీటీ తొలి ఏడాదిలో నిరుద్యోగ దినాలు మొత్తం 90 మించకూడదు. హెచ్-1బి ఉద్యోగం పోయినవారికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధే ఉంటుంది గనుక, కొన్ని నెలల ఖర్చులకు సరిపడే పొదుపును తొలి జీతం నుంచే మొదలుపెట్టడం వివేకం.

తెలుగువారి తోడు, దానికి ఆవల

1986లో ప్రారంభమైన అరోరా బాలాజీ ఆలయం, రూట్ 59 వెంట ఉన్న భారతీయ దుకాణాలు ఒంటరితనాన్ని తగ్గిస్తాయి. తొలి అద్దె ఇంటి సమాచారం, తొలి కారు సలహా తరచుగా అక్కడి పరిచయాల్లోనే దొరుకుతాయి. అయితే రాకపోకలన్నీ ఆ పరిధిలోనే ఉండిపోతే సహోద్యోగులతో చనువు, స్థానిక ఉచ్చారణపై పట్టు ఆలస్యమై, పదోన్నతికి అవసరమైన మాటనేర్పు వెనుకబడుతుంది. పట్టణంలోని మూడు ప్రజా గ్రంథాలయాల కార్యక్రమాలు, కాలేజ్ ఆఫ్ డూపేజ్ ఆంగ్ల తరగతులు, ఇరుగుపొరుగు స్వచ్ఛంద సేవ ఈ లోటును తీర్చగలవు. హెచ్-1బి ఉద్యోగులతోపాటు హెచ్-4 వీసాపై వచ్చి, పని అనుమతి లేని జీవిత భాగస్వాములకు ఇవి మరీ ముఖ్యం. ఉద్యోగి దినచర్య ఆఫీసుతో నిండిపోతుంటే, వారికి కొత్త ఊరు నాలుగు గోడలుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి భాగస్వామికి డ్రైవింగ్ లైసెన్సు, లైబ్రరీ కార్డు, సొంత స్నేహాలు సమకూరేలా చూడటాన్ని కూడా ఉద్యోగ ప్రణాళికలో భాగంగానే పరిగణించాలి. ఇంట్లో ఇద్దరూ కుదురుకున్నప్పుడే విదేశీ ఉద్యోగం నిలకడగా సాగుతుంది.