సినిమా ఆడించే మనిషి

మన హాస్టళ్ళలో సినిమా అంటే ఒక లాప్‌టాప్, దాని చుట్టూ ఆరుగురు. నెట్ ఆగిపోతే తిట్టుకోవడానికి మనిషంటూ ఉండడు. మన నాన్నల కాలంలో అలా కాదు. హాల్లో రీలు తెగితే చాలు, ఈలలు, కేకలు, "ఒరేయ్ ఆపరేటర్!" అని పిలుపులు. మూడు గంటలు సాఫీగా ఆడితే అతన్ని తలచుకునేవాళ్ళే లేరు. ఒక్క నిమిషం ఆగితే మాత్రం హాలంతటికీ గుర్తొచ్చేవాడు. ఈసారి మన పాఠం ఆ ఆపరేటర్ గురించి, కింద ఆఫీసు గదిలో కూర్చునే మేనేజర్ గురించి.

మన దగ్గరివాళ్ళే

నూజివీడు అనగానే మామిడి గుర్తొస్తుంది కానీ, సినిమాతో కూడా ఈ ప్రాంతానికి చుట్టరికం ఉంది. నూజివీడు జమీందారీ కుటుంబానికి చెందిన మీర్జాపురం రాజా మద్రాసులో శోభనాచల స్టూడియో నడిపారు. 1949లో 'కీలుగుర్రం' తీశారు. అదే ఏడాది ఆయన భార్య సి. కృష్ణవేణి నిర్మించిన 'మనదేశం'తో ఎన్టీఆర్ తెరకు పరిచయమయ్యారు. ఆ సినిమా దర్శకుడు ఎల్.వి. ప్రసాద్‌ది ఏలూరు దగ్గర సోమవరప్పాడు. బొంబాయిలో అవకాశాల కోసం తిరిగిన రోజుల్లో ఆయన ఒక సినిమా హాల్లో గేట్‌కీపర్‌గా కూడా పనిచేశారు.

తీసినవాళ్ళ పేర్లు ఇలా చెప్పుకుంటాం. మరి ఆడించినవాళ్ళు? అసలు తెలుగువాళ్ళ సినిమా కథ ఆడించడంతోనే మొదలైంది. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడిపేవారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొన్నారు. బొమ్మకు ప్రొజెక్టర్, మాటకు గ్రామఫోన్ రికార్డు, రెండూ జతగా నడవాలి. దాన్ని ఊరూరా తిప్పి చిన్న చిన్న బొమ్మలు చూపించారు, బర్మా, సిలోన్ దాకా వెళ్ళారు. తర్వాత మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ హాళ్ళు కట్టారు. 1921లో వచ్చిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఆ తర్వాతి మాట. తెలుగు సినిమా పితామహుడని మనం పిలుచుకునే మనిషి ముందు సినిమాలు ఆడించాడు, తర్వాతే తీశాడు.

క్యాబిన్‌లో ఇంజనీరింగ్

ఇప్పుడు కాస్త లెక్క. 35 ఎం.ఎం. ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, 2,16,000 ఫ్రేములు. ప్రతి ఫ్రేమూ దీపం ముందు ఒక్క క్షణం ఆగాలి, లేకపోతే తెరమీద బొమ్మ కాదు, గీతలు కనిపిస్తాయి. అలా ఆపి ఆపి లాగేది మనం మెకానిజమ్స్‌లో చదివే జెనీవా వీల్. డ్రైవర్ ఒక చుట్టు తిరిగితే ఫిల్మ్ పావు వంతు సేపు కదులుతుంది, ముప్పావు వంతు సేపు నిలబడుతుంది. పరీక్షకి బట్టీపట్టే బొమ్మ కదా, అది వేల హాళ్ళలో రోజుకు నాలుగు ఆటలు కష్టపడింది.

శబ్దంతో ఇంకో చిక్కు. బొమ్మ ఆగాలి, శబ్దం మాత్రం ఆగకూడదు. అందుకే సౌండ్‌హెడ్‌ని వేరే చోట పెట్టి, ఫిల్మ్ మీద శబ్దాన్ని దాని బొమ్మకంటే సుమారు 20 ఫ్రేములు ముందుగా ముద్రిస్తారు. మధ్యలో ఫిల్మ్‌ని వదులుగా, సరిగ్గా లెక్క ప్రకారం లూపు తీసి ఎక్కించాలి. లూపు తేడా వస్తే హీరో పెదాలు ఒకప్పుడు, మాట ఒకప్పుడు.

ఇక వెలుగు. జెనాన్ ల్యాంపులు రాకముందు రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే ఆర్క్ వెలుగే దిక్కు. కడ్డీలు అరిగిపోతుంటాయి, సందు పెరిగితే తెర మసకబారుతుంది. ఆపరేటర్ నల్లద్దంలోంచి చూసుకుంటూ కడ్డీలు జరుపుతూ ఉండాలి. రీలు అయిపోయే ముందు తెర కుడిపక్క పైమూల చిన్న చుక్క పడుతుంది. ఆ గుర్తుకు రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి, ఏడెనిమిది సెకన్లకు రెండో చుక్క రాగానే వెలుగు దాని మీదికి మార్చాలి. మనం పాటలో ఉన్నప్పుడు అతను ఆ చుక్క కోసం కాచుకుని ఉండేవాడన్నమాట.

ఈ పని కాలేజీలో నేర్పలేదు. కుర్రాడిగా చేరి, రీళ్ళు వెనక్కి చుట్టి, తెగినచోట అతికించి, ఏళ్ళ తర్వాత లైసెన్సు తెచ్చుకుని ఆపరేటర్ అయ్యేవారు. నమ్మకం కుదిరితే మేనేజర్ కుర్చీ దాకా వెళ్ళేవారు.

మేనేజర్ మీరే అనుకోండి

నూజివీడులో ఒక హాలుకి మీరు మేనేజర్. మే నెల. కోతలు, లోడింగులు ముమ్మరంగా ఉన్నాయి, జనం చేతిలో డబ్బు ఆడుతోంది. పగలంతా తోటల్లో ఉన్నవాళ్ళు ఏ ఆటకి వస్తారు? ఈదురుగాలికి కాయ రాలిపోయిన వారం హాలు ఖాళీగా ఉంటే తప్పు సినిమాదా, గాలిదా? ఊరు తెలియకపోతే ఈ లెక్క తేలదు. దీనికి తోడు రోజువారీ కలెక్షన్ రిపోర్టు, పన్నులు, లైసెన్సు రెన్యువల్, డిస్ట్రిబ్యూటర్‌తో అద్దె పద్ధతా పర్సంటేజీ పద్ధతా అనే బేరం. ఈ చివరి బేరం పాతదేం కాదు. పర్సంటేజీయే కావాలని 2025లో కూడా మన ఎగ్జిబిటర్లు పట్టుబట్టారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పెద్ద హీరో సినిమా, హౌస్‌ఫుల్ బోర్డు పెట్టేశారు. బయట ఇంకా జనం. "నడవలో నాలుగు కుర్చీలు వేయండి సార్, సర్దుకుంటాం" అంటారు. వేస్తారా?

జవాబు చెప్పేముందు ఢిల్లీ ఉపహార్ హాలు గుర్తుతెచ్చుకోండి. 1997 జూన్ 13న కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అంటుకున్న మంటల పొగ బాల్కనీలోకి వచ్చింది. అదనపు సీట్ల కోసం అక్కడ ఒక దారి మూసేశారు. 59 మంది చనిపోయారు. వాళ్ళెవరూ సినిమా బాగాలేదని ఫిర్యాదు చేయడానికి రాలేదు, టికెట్టు కొనుక్కుని వచ్చారంతే. మేనేజర్ రోజూ చేసే పనుల్లో ఎవరికీ కనపడని పని, తలుపులు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవడం. అది చేసినన్నాళ్ళూ ఎవరూ మెచ్చుకోరు. చేయని రోజు లెక్క మనుషుల్లో తేలుతుంది.

ఇప్పుడేం మిగిలింది

2005 తర్వాత క్యూబ్, యూఎఫ్‌ఓ వంటి డిజిటల్ పద్ధతులు వచ్చాయి. రీళ్ళ బాక్సు బదులు హార్డ్‌డిస్కు, లేదంటే శాటిలైటు. ఫలానా హాల్లో, ఫలానా తేదీల్లో మాత్రమే సినిమా తెరుచుకునేలా పాస్‌వర్డ్ లాంటి ఒక 'కీ'. ప్లే నొక్కితే చాలు. గీతలు పడవు, రీలు తెగదు. చూసేవాళ్ళకి ఇది లాభమే, దాచడం ఎందుకు? కానీ కడ్డీలు జరిపే చెయ్యి, చుక్క కోసం చూసే కన్ను అక్కర్లేకుండా పోయాయి. కొందరు సర్వర్ నేర్చుకున్నారు, కొందరు వేరే పని చూసుకున్నారు.

అయితే ఒకటి గమనించండి. పోయింది యంత్రాన్ని నడిపే పని. తేడా వస్తోందని ముందే పసిగట్టే పని పోలేదు. శబ్దం ఒకపక్క తగ్గినా, తెర మసకబారినా, ఎక్కడో వైరు కాలుతున్న వాసన వచ్చినా సర్వర్ చెప్పదు. ఆ గదిలో ఒక మనిషి ఉండాలి, అతనికి ఆ యంత్రం తెలిసి ఉండాలి, అవసరమైతే ఆట ఆపే ధైర్యం ఉండాలి.

రేపు మనలో చాలామంది చేయబోయేదీ ఇలాంటి పనే. సర్వర్ అయినా, సబ్‌స్టేషన్ అయినా సాఫీగా నడిచినంతకాలం మన పేరు ఎవరికీ తెలియదు. ఈసారి ఊళ్ళో సినిమాకి వెళ్ళినప్పుడు వెనక్కి తిరిగి, గోడలో వెలుగు వచ్చే ఆ చిన్న కిటికీని ఒకసారి చూడండి. అలాగే బయటికి వెళ్ళే తలుపు ఎక్కడుందో కూడా చూసుకుని కూర్చోండి.