ఐటీఐ మధ్యలో పనికి పిలుపొస్తే

ఫిట్టర్ మొదటి ఏడాది అయిపోవస్తుంటుంది. పాశమైలారంలోనో గాజువాకలోనో పనిచేసే బావ ఫోన్ చేస్తాడు. "నెలకు పదిహేను వేలు, రూము కంపెనీదే, వచ్చేయ్ రా" అంటాడు. ఇంట్లో అప్పుంది, చెల్లెలి ఫీజుంది. కాలేజీలో చూస్తే నెలల తరబడి ఆకురాయి పట్టడమే. ఇనుప ముక్కను రాయడం, ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురు దూరుతోందేమో చూడటం, దూరితే మళ్లీ రాయడం. ఈ మాత్రం దానికి ఇంకో ఏడాది ఎందుకు అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పు లేదు. కానీ బ్యాగు సర్దే ముందు బావను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

డ్యూటీ ఎన్ని గంటలు? ఇది ముందు తేల్చుకోండి. ఫ్యాక్టరీల్లో ఓటీకి రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం. పదిహేను వేలు పన్నెండు గంటల షిఫ్టుకైతే, పైన చేసే నాలుగు గంటలు ఎనిమిది గంటలతో సమానం. ఆ లెక్కన మీ అసలు జీతం ఏడున్నర వేలే. మిగతా సగం నిద్ర అమ్ముకుంటే వచ్చేది. ఈఎస్ఐ కార్డు ఇస్తారో లేదో కూడా అడగండి. 21,000 రూపాయల లోపు జీతాలకు వర్తించే ఆ పథకానికి మీ వాటా 0.75 శాతం, అంటే పదిహేను వేలకు నెలకు నూటపదమూడు రూపాయలే. మిషన్ మీద వేలు నలిగితే వైద్యం, పనికి వెళ్లలేని రోజుల్లో జీతంలో ఎక్కువ భాగం ఆ కార్డు మీదే వస్తాయి. కాంట్రాక్టరు "అదంతా తర్వాత చూద్దాం" అన్నాడంటే, లేదనే అర్థం చేసుకోవాలి.

నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. రిజిస్టర్లో మీ పేరు పక్కన ఏమని రాస్తారు? హెల్పర్ అనా, అప్రెంటిస్ అనా? చాలామంది కుర్రాళ్లు దీన్ని అడగరు, ఎవరూ చెప్పరు. కాంట్రాక్టరు కింద ఐదేళ్లు హెల్పర్‌గా చేస్తే పని వస్తుంది, కాదనను. కానీ ఆ ఐదేళ్లను చూపించడానికి చేతిలో ఒక్క కాగితం ఉండదు. అదే 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం నమోదు చేయించుకుని చేరితే సంగతి వేరు. టెన్త్ పాసైనవాళ్లు ఐటీఐ లేకుండా కూడా అలా చేరొచ్చు. శిక్షణ ముగిశాక పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు టెన్త్‌తో పాటు ఐటీఐ అడుగుతారు, దాని బదులు సంబంధిత ట్రేడులో ఈ చట్టం కింద పూర్తిచేసిన అప్రెంటిస్‌షిప్‌నూ ఒప్పుకుంటారు. స్టైపెండు హెల్పర్ జీతం కన్నా తక్కువే ఉండొచ్చు. ఇంటి పరిస్థితి ఆ తేడా తట్టుకోగలిగితే నేను ఈ దారే సూచిస్తాను.

ఎలక్ట్రీషియన్ ట్రేడు వాళ్లు మాత్రం ఇంకాస్త ఆలోచించాలి. మన విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కమ్‌ల) జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్లు ఐటీఐ ఎలక్ట్రికల్ ట్రేడు గానీ, వైర్‌మన్ గానీ, ఇంటర్ వొకేషనల్ గానీ అడుగుతూ వచ్చాయి. ఇళ్ల వైరింగులో మీ చెయ్యి ఎంత తిరిగినా అక్కడ లెక్కలోకి రాదు. పైగా రెండేళ్ల ట్రేడు పూర్తయితే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్లే దారి ఉంది, మధ్యలో ఆపితే అదీ మూసుకుపోతుంది. వెల్డర్ లాంటి ఏడాది ట్రేడులో ఉన్నవాళ్లకు అసలు ఈ చర్చే అక్కర్లేదు. మిగిలిన నెలలు పూర్తిచేసి వెళ్లండి.

అయితే కాలేజీ పేరుకే ఉంటే? వర్క్‌షాపు తాళం తీయరు, మోటారు విప్పి చూపరు, హాజరు పట్టీ మాత్రం నిండుతుంటుంది. అలాంటి చోట కూర్చోమని ఎవరికీ చెప్పలేను. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. మీకు దగ్గర్లో అలాంటిది ఉంటే ఓసారి వెళ్లి మిషన్లు చూడండి, అక్కడి పిల్లలు వాటి మీద నిజంగా పని చేస్తున్నారో లేదో కనుక్కోండి. ఏడాది పోయినా కొత్తగా చేరడం దండగ కాదు.

డబ్బు ఇబ్బందే అసలు కారణమైతే మీ ట్రేడు సారుకు ఆ మాట దాచకుండా చెప్పండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎక్కడ ఆగిందో కనుక్కోమనండి. సాయంత్రాలు, ఆదివారాలు ఊళ్లో ఎలక్ట్రీషియన్ వెంటో, ఆటోనగర్ లేత్ షాపులోనో పనికెళ్లే వీలు చూసుకోండి. హాజరు 80 శాతం కన్నా తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు కాబట్టి పగటి పని ఒప్పుకోవద్దు.

అన్నీ చూసుకున్నాక వెళ్లాల్సిందే అనుకుంటే, చెప్పకుండా మానేయకండి. టీసీ, టెన్త్ మెమో ఒరిజినల్ చేతికి తీసుకుని బయటపడండి, బకాయి ఉంటే ఎంతో రాయించుకోండి. ఆ ఒరిజినల్ ఇంట్లోనే ఉంచండి. పనిలో చేర్చుకునేవాళ్లకు జిరాక్స్ చాలు. "ఒరిజినల్ మా దగ్గరే ఉండాలి" అనే కాంట్రాక్టరు దగ్గర, జీతం ఎంత చెప్పినా, చేరొద్దు.