హార్డ్ డిస్క్ ఒకటి – కంప్యూటర్లు పలువిధములు

గ్రామ పంచాయతీ కార్యాలయములలో నేడు తీర్మానముల పుస్తకముతో పాటు కంప్యూటరు కూడ చోటు చేసికొన్నది. ఇంటిపన్ను లెక్కలు, పనుల అంచనాలు, గ్రామసభ ఫోటోలు, వీడియోలు అందు చేరుచున్నవి. వీటి నకలును భద్రపరచుటకును, ఒకచోటినుండి మరియొక చోటికి కొనిపోవుటకును ఉపయోగపడు చిన్న పెట్టెయే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్.

ఒక సంగతిని ఊహింతము. లబ్ధిదారుల జాబితాను చదివి వినిపించిన గ్రామసభను ఒక స్టూడియోవారు వీడియో తీసి, తమ మాక్ కంప్యూటరునుండి హార్డ్ డిస్కులోనికి ఎక్కించి ఇచ్చిరి. దానిని పంచాయతీలోని విండోస్ కంప్యూటరుకు తగిలింపగా, “వాడుటకు ముందు డిస్కును ఫార్మాట్ చేయవలెను” అను సూచన తెరపై కనబడెను. డిస్కు ఖాళీగా నున్నదని తలచి అందుకు సమ్మతించినచో, గ్రామసభ సాక్ష్యము చేజారిపోవును. కంప్యూటరుకు చదువరానంత మాత్రమున డిస్కు ఖాళీ యని గాని, చెడిపోయినదని గాని అర్థము కాదు.

ఇట్లేల జరుగును? గిడ్డంగిలో బస్తాలు ఎచ్చట నున్నవో తెలుపు చిట్టా వంటిది ప్రతి డిస్కులోను ఉండును. దీనిని ఫైల్ సిస్టమ్ అందురు. కంప్యూటరును నడిపించు ఆపరేటింగ్ సిస్టములైన విండోస్, మాక్, లినక్స్ ఈ చిట్టాను వేర్వేరు పద్ధతులలో వ్రాయుచుండును. ఒకదాని చిట్టా మరియొకదానికి తెలియకపోవచ్చును.

విండోస్ సాధారణముగా వాడు పద్ధతి ఎన్.టి.ఎఫ్.ఎస్. ఇది 1993లో వచ్చినది. మాక్ దీనిని చదువగలదే కాని, వేరొక సాఫ్ట్‌వేరు లేనిదే ఇందులో వ్రాయజాలదు. లినక్స్ నేడు చదువను, వ్రాయను గలదు. మాక్ కంప్యూటర్లకు 2017లో వచ్చిన ఏ.పి.ఎఫ్.ఎస్.ను, లినక్స్‌వారు వాడు ఇ.ఎక్స్.టి.4ను విండోస్ తనంతట తాను చదువజాలదు. పాతదైన ఫాట్ 32ను అన్నియు చదువును. కాని 4 జీబీకి మించిన ఒక్క ఫైలైనను అందు పట్టదు. గ్రామసభ పూర్తి వీడియో ఆ పరిమితిని సులభముగా దాటవచ్చును.

ఈ చిక్కును తీర్చునది 2006లో వచ్చిన ఎక్స్‌ఫాట్. పెద్ద ఫైళ్లు ఇందులో ఇముడును. విండోస్, మాక్ దీనిని చదివి వ్రాయును. 2019లో వెలువడిన 5.4వ కెర్నెలు మొదలు లినక్స్‌లో కూడ దీనికి చోటు కలదు. కావున పలు కంప్యూటర్ల మధ్య తిరుగు డిస్కునకు ఇదియే అనుకూలము.

డిస్కును ఎక్స్‌ఫాట్‌కు మార్చదలచువారు మొదట అందలి ఫైళ్లన్నింటిని, చదువగల కంప్యూటరులోనికి నకలు చేసి, అవి తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. ఏలయన ఫార్మాట్ చేసినచో ఉన్నదంతయు పోవును. పిమ్మట విండోస్‌లో డిస్కు గుర్తుపై మౌసు కుడిమీట నొక్కి, ఫార్మాట్ అనుదానిని ఎంచి, ఫైల్ సిస్టమ్ గడిలో ఎక్స్‌ఫాట్‌ను చూపవలెను. వేరొక డిస్కు గుర్తును పొరపాటున ఎంచకుండ పేరును, పరిమాణమును రెండుమారులు సరిచూచుకొనుట మేలు.

పొరపాటున ఫార్మాట్ జరిగినచో ఆ డిస్కుపై మరేమియు వ్రాయక వెంటనే తీసివేసి, తెలిసినవారికి చూపవలెను. కొన్ని సమయములలో ఫైళ్లు తిరిగి దొరకు అవకాశము కలదు.

ఎక్స్‌ఫాట్‌కు ఒక లోపము కలదు. వ్రాయుచుండగా కరెంటు పోయినను, తీగను లాగివేసినను చిట్టా చెడు ప్రమాదము ఇందు ఎన్.టి.ఎఫ్.ఎస్. కంటె ఎక్కువ. కావున ఇజెక్ట్ చేసిన పిమ్మటనే తీగను తీయవలెను. దీనిని మోసికొనిపోవు సంచిగా భావింపవలెనే గాని ఏకైక భోషాణముగా భావింపరాదు. ముఖ్యమైన లెక్కల మరియొక నకలును వేరొక డిస్కులో, వేరొక చోట ఉంచవలెను.

డిస్కుపై ఒక చీటీ అంటించి, ఏ పద్ధతిలో నున్నది, అందేమున్నది, ఏ తేదీన నకలు తీసినది వ్రాసి, స్టాకు రిజిస్టరులో నమోదు చేయించుడు. సభ్యులు మారినను, గుమాస్తా మారినను, గ్రామపు లెక్క గ్రామమునకు మిగులును.