ఏకాంతమా, సాంగత్యమా? – ఇమామ్ గజాలీ ఆత్మ విచారణ

మానవుడు ఒంటరిగా జన్మిస్తాడు, ఒంటరిగానే మరణిస్తాడు. కాని ఈ రెంటి నడుమ గల జీవితాన్ని ఒంటరిగా గడపలేడు. తల్లి ఒడి, తోబుట్టువుల ఆట, గురువు పలుకు, మిత్రుని భుజము – ఇవి లేకుండా ఎవడూ పెరిగి పెద్దవాడు కాలేడు. అయినను ప్రతి మతమునందును, ప్రతి దేశమునందును జనసమ్మర్దాన్ని వదలి కొండగుహలకు, అడవులకు తరలిపోయిన మహానుభావులు కనబడుతున్నారు. వారు మనుష్యులను ద్వేషించి వెళ్ళినారా? లేక మనుష్యుల మధ్య వినరానిదేదో వినుటకు వెళ్ళినారా? మానవాత్మ పరిణతికి సాంగత్యము మేలా, ఏకాంతము మేలా? ఈ ప్రశ్నను మిక్కిలి నిశితంగా విచారించిన మహామేధావి ఇమామ్ అబూ హామిద్ అల్ గజాలీ. ఆయన జీవితమును, విచారణను పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా మన భాషలోని రెండు మాటలను వేరు చేసి చూడాలి. ఏకాంతము వేరు, ఒంటరితనము వేరు. ఏకాంతము మనిషి కోరి తెచ్చుకొనేది. ఒంటరితనము కోరకనే వచ్చి పడేది. మొదటిదానిలో ఆత్మకు తోడు దొరుకుతుంది. రెండవదానిలో ఉన్న తోడు కూడా జారిపోతుంది. ఈ భేదాన్ని మరచినవారు దుఃఖంతో గది తలుపు మూసుకొని, దానినే వైరాగ్యమని భ్రమిస్తారు.

గజాలీ క్రీ.శ. 1058లో ఖురాసాన్‌లోని తూస్ పట్టణమందు జన్మించినాడు. నిషాపూరులో ఇమాముల్ హరమైన్ జువైనీ వద్ద విద్యాభ్యాసము చేసినాడు. 1091లో సల్జూఖ్ వజీరు నిజాముల్ ముల్క్ ఆయనను బాగ్దాదులోని నిజామియా విద్యాలయానికి ఆచార్యునిగా నియమించినాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పదిమూడు సంవత్సరములు మాత్రమే. మూడువందలమంది విద్యార్థులు, రాజాదరణ, దేశదేశాల కీర్తి – పండితుడు కోరదగినవన్నీ ఆయనకు లభించినవి. కాని 1095లో ఒక విచిత్రమైన సంకటము సంభవించినది. పాఠము చెప్పబోతే నాలుక కదలలేదు, అన్నము సహించలేదు. వైద్యులు ఇది దేహవ్యాధి కాదు, మనోవ్యాధి యని తేల్చినారు. తన బోధన భగవంతుని కొరకు కాక పేరు ప్రతిష్ఠల కొరకు సాగుతున్నదేమో అన్న సందేహము ఆయనను లోలోపల దహించివేసినది. ఆరునెలల సంఘర్షణ తరువాత పదవిని, సంపదను వదలి బాగ్దాదు విడిచినాడు. డమాస్కసు నగరంలోని ఉమయ్యద్ మసీదు మీనారునెక్కి, తలుపు మూసుకొని, దినమంతా ధ్యానంలో గడిపినాడు. పిమ్మట జెరూసలేమును దర్శించి, హజ్ యాత్ర చేసినాడు.

అయితే కథ మీనారులో ముగియలేదు. బిడ్డల పిలుపు ఆయనను తిరిగి స్వస్థలానికి రప్పించినది. దాదాపు పదకొండేండ్ల తరువాత, 1106లో, నిషాపూరు విద్యాలయంలో మరల పాఠము చెప్పినాడు. చివరి దినములలో తూస్‌లో తన ఇంటి ప్రక్కనే ఒక పాఠశాలను, సూఫీలకొక ఖాన్‌ఖాహ్‌ను నిర్వహించి, 1111లో పరమపదించినాడు. పూర్వము కీర్తిని తెచ్చే విద్యను బోధించితిననియు, ఇప్పుడు కీర్తిని వదలించే విద్యను బోధించుచున్నాననియు భావించి ఆయన తిరిగి వచ్చినాడు. వెళ్ళినవాడు, వచ్చినవాడు ఒకడు కాదు.

ఆయన మహాగ్రంథము 'ఇహ్యా ఉలూమిద్దీన్' నలువది ప్రకరణముల గ్రంథము. అందు పదునైదవది సోదరభావమును, స్నేహధర్మమును గురించినది. దాని వెనువెంటనే పదునారవది ఏకాంతవాసమును గురించినది. ఈ రెండింటిని ప్రక్క ప్రక్కన నిలిపి చదివిననే విషయము బోధపడుతుంది.

ఏకాంతమువలన ఆరు ప్రయోజనములను గజాలీ పేర్కొన్నాడు: ధ్యానానికి తీరిక లభించుట, పరనింద, కపటము వంటి పాపములకు దూరమగుట, కలహములనుండి తప్పించుకొనుట, పరుల కీడునుండి రక్షణ, ఒకరిపై ఒకరికి గల ఆశలు తెగిపోవుట, మూర్ఖుల సహవాసపు విసుగు తప్పుట. వీనిలో రెండవదానిని ఆయన చాల లోతుగా చర్చించినాడు. మనిషి స్వభావము తెలియకుండనే ఎదుటివాని స్వభావాన్ని దొంగిలిస్తుందని ఆయన హెచ్చరిక. మన పెద్దలు "ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారు" అని ఒక్క సామెతలో చెప్పినది ఇదే కదా!

సాంగత్యము వలన కలుగు ప్రయోజనములు ఏడు: విద్య నేర్చుట, నేర్పుట, మేలు పొందుట, మేలు చేయుట, శిక్షణ పొందుట, శిక్షణ నిచ్చుట, మనస్సుకు ఊరట, ఇతరుల హక్కులు తీర్చి పుణ్యము గడించుట, వినయము అలవడుట, లోకానుభవము. లెక్కలో సాంగత్యమునకు ఒకటి ఎక్కువయినది. కాని గజాలీ తీర్పు లెక్కను బట్టి కాదు.

ఇక్కడ ఆయన చెప్పిన ఉపమానమొకటి విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. దుర్గుణములు నిండిన హృదయము చీముపట్టిన సెగగడ్డ వంటిది. ఎవరూ తాకనంతవరకు నొప్పి తెలియదు. తనకు ఆరోగ్యమున్నదని రోగి భావిస్తాడు. ఎవరైనా తాకినప్పుడు గాని లోపలి చీము బయటపడదు. ఒంటరిగా ఉన్నవానికి కోపము రాదు, అసూయ కలుగదు, గర్వము కనబడదు. అవి లేక కాదు, తాకేవారు లేక. ముప్పదియేండ్లు మొదటి వరుసలో నమాజు చేసిన ఒక భక్తుని ఉదంతమును కూడా ఆయన పేర్కొన్నాడు. ఒకనాడు ఆలస్యమై వెనుక వరుసలో నిలువవలసివచ్చి ఆ భక్తుడు సిగ్గుపడినాడు. ఆ సిగ్గును చూచి, ఇన్నాళ్ళు తాను నిలిచినది జనుల మెప్పు కొరకే యని గ్రహించినాడు. తన లోపమును అతనికి చూపినది జనసమూహమే!

ఆత్మకు మూడు స్థితులున్నవని పవిత్ర ఖుర్ఆన్ సూచిస్తున్నది. చెడుకు ప్రేరేపించే ఆత్మ నఫ్సె అమ్మారా. తన్ను తాను నిందించుకొనే ఆత్మ నఫ్సె లవ్వామా. శాంతించిన ఆత్మ నఫ్సె ముత్మయిన్నా. పై విచారణను ఈ మూడింటికి అన్వయించి చూచిన ఎడల మార్గము తేటపడుతుంది. అమ్మారా బయటపడేది సాంగత్యంలో. లవ్వామా స్వరము వినబడేది ఏకాంతంలో. ఒకటి అద్దము, మరొకటి ఆ అద్దములో చూచుకొనుటకు కావలసిన వెలుగు. అద్దము లేని వెలుగులో ముఖము కనబడదు. వెలుగు లేని అద్దములోనూ కనబడదు.

ముహమ్మద్ ప్రవక్త (స) హిరా గుహలో ఏకాంతధ్యానము చేసేవారు. 610వ సంవత్సరములో తొలి దైవవాణి అవతరించినప్పుడు ఆయన గుహలో మరింత లోనికి పోలేదు. వణకుతూ కొండ దిగి భార్య ఖదీజా వద్దకు వచ్చినారు. ఆమె దుప్పటి కప్పి ధైర్యము చెప్పినది. ఏకాంతములో లభించిన మహాసత్యమును మోయుటకు సైతము ఒక మానవహృదయపు ఆసరా అవసరమయినది. జనులతో కలసి వారి బాధింపులను సహించే విశ్వాసి, కలువక సహించని వానికంటె మేలని ఆ ప్రవక్తయే బోధించినారు. ఇస్లాం ఆరాధనావిధానమందును ఈ సమన్వయమే కలదు. నిత్యము అయిదుపూటల జమాఅతు. రంజాన్ చివరి పదిదినములలో మసీదునందు ఏతెకాఫ్. ఆ ఏకాంతము కూడా అడవిలో కాదు, ఊరి నడుమ. నఖ్ష్‌బందీ సూఫీలు దీనినే 'ఖల్వత్ దర్ అంజుమన్', అనగా సభలో ఏకాంతము అన్నారు.

మన తెలుగునేలపై కూడా ఇట్టి ఆదర్శములు లేకపోలేదు. దూదేకుల కుటుంబములో పుట్టిన సిద్ధయ్య, పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడై గురుసాంగత్యములోనే జ్ఞానము పొందినాడు. సిద్ధయ్య తన ఎడబాటును తాళలేడని ఎరిగి, సమాధిలో ప్రవేశించే వేళ గురువు అతనిని పూలకొరకు దూరము పంపినాడని ఐతిహ్యము. పిఠాపురమునకు చెందిన కవి ఉమర్ ఆలీషా (1885–1945) ఆధ్యాత్మిక పీఠమునకు అధిపతియై ఉండియు, కేంద్ర శాసనసభలో సభ్యులై ప్రజాసేవ చేసినారు. తత్త్వచింతన లోకవ్యవహారమునకు అడ్డురానవసరము లేదనుటకు వారి జీవితమే నిదర్శనము.

ఇక గజాలీ తీర్పేమి? ఏకాంతము మేలనిగాని, సాంగత్యము మేలనిగాని అందరికి ఒకే మాట చెప్పరాదని ఆయన నిర్ణయము. ఆ మనిషి ఎవరు, అతని సహచరులెవరు, కలియుటవలన ఏమి పొందుతున్నాడు, ఏమి కోల్పోతున్నాడు అని తూచి చూడవలెను. నేర్వవలసిన విద్య నేర్వకముందే ఏకాంతమునకు పోయినవాడు తన అజ్ఞానముతోనే కాపురము చేస్తాడు. కావున విద్యార్థిదశలో సాంగత్యమునకే ప్రాధాన్యము.

విద్యార్థినీ విద్యార్థులారా! నేడు చేతిలోని సెల్‌ఫోను మనకొక వింత స్థితిని కల్పించినది. గదిలో ఒంటరిగా ఉన్నవానికి ఏకాంతము లేదు. మిత్రుల నడుమ కూర్చున్నవానికి సాంగత్యము లేదు. దినమున కొంతసేపయినా దానిని ప్రక్కనబెట్టి మీతో మీరుండండి. మిగిలిన సమయములో ఎదుటివాని ముఖము చూచి మాట్లాడండి. ఉర్దూ మాతృభాషగా గలవాడు తెలుగు మిత్రుని, తెలుగువాడు ఉర్దూ మిత్రుని సంపాదించుకొనవలెను. మన కళాశాల ఇవ్వగల భాగ్యములలో ఇది చిన్నది కాదు.

మరొక మాట. పరీక్ష తప్పియో, ఇంటి కష్టము వలననో మీ సహాధ్యాయి ఒకడు భోజనశాలకు రాక, మాటాడక, తలుపు మూసుకొన్నచో, అది గజాలీ చెప్పిన ఏకాంతమని భావించి ఊరకుండకండి. అది ఒంటరితనము. వెళ్ళి తలుపు తట్టండి. గజాలీ చెప్పిన ఎనిమిది స్నేహధర్మములలో అడుగకముందే సాయపడుట ఒకటి. తకల్లుఫ్ లేకుండుట మరొకటి. తలుపు తట్టుటకు ఆహ్వానము అక్కరలేదు. అట్లే, మీరే ఆ గదిలో ఉన్నచో తలుపు తీయుటకు సంకోచింపవలదు.

శాంతించిన ఆత్మను దైవము పిలిచే సందర్భము ఖుర్ఆన్‌లో కలదు. ఆ ఆత్మకు రెండు ప్రవేశాజ్ఞలు లభిస్తాయి. మొదటిది తన దాసుల సమూహములో చేరుమని. రెండవది తన స్వర్గమునందు ప్రవేశింపుమని. ఈ వరుస గమనింపదగినది. సహవాసము ముందు, స్వర్గము తరువాత.