నేల స్వభావమెరిగి రుణం: మన నేలల వర్గీకరణ

సాగుపై పెట్టే ప్రతి రూపాయి నేల స్వభావానికి లోబడే ఫలితమిస్తుంది. ఒకే ఎరువు, ఒకే నీటి తడి రెండు నేలలలో రెండు విధాలుగా పనిచేస్తాయి. కనుక బావికిగాని, తోటకుగాని, ఎరువులకుగాని రుణం కోరే ముందు తమ నేల ఏ వర్గానికి చెందినదో రైతు సోదరులు గుర్తించవలసి ఉన్నది.

వర్గీకరణకు ఆధారాలు

మన పూర్వులు రంగును, జిగటను, నీరు నిలిచే తీరును బట్టి నేలలకు రేగడి, చెలక, దుబ్బ, చౌడు అని పేర్లు పెట్టారు. భూగోళ గ్రంథాలలో నల్లనేలకు వాడే ‘రేగర్’ అనే మాట మన రేగడి నుండి వచ్చినదే. 1898లో వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త లెదర్ భారతదేశపు నేలలను ఒండ్రు, నల్ల, ఎర్ర, జేగురు నేలలని నాలుగు ముఖ్య వర్గాలుగా విభజించారు. నేటి శాస్త్రం రంగుతో ఆగక రేణువుల పరిమాణాన్ని, లోపలి పొరల అమరికను, సున్నాన్ని, లవణాలను కూడ పరిశీలిస్తున్నది.

ముఖ్యమైన నేలలు

1. ఒండ్రు నేలలు: నదులు తెచ్చి పరచినవి. గంగా మైదానంలోను, కృష్ణా, గోదావరి డెల్టాలలోను విస్తరించి ఉన్నవి. వరి, చెరకు పంటలకు అనుకూలం. డెల్టా పల్లాలలో మురుగునీటి పారుదల ప్రధాన సమస్య.

2. నల్లరేగడి నేలలు: వీటిలోని బంకమట్టి తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు బీటలు వారుతుంది. తేమను చాలకాలం నిలుపుతాయి. ప్రత్తి, శనగ, జొన్నలకు తగినవి. నత్రజని, భాస్వరం సాధారణంగా తక్కువ.

3. ఎర్ర నేలలు: ఇనుము ఆక్సైడుల వలన ఎరుపు రంగు కలిగినవి. నీరు త్వరగా ఇంకుతుంది, త్వరగా ఆరుతుంది. వేరుశనగకు అనుకూలం. తేలికపాటి తడులు తరచుగా ఇవ్వాలి. ఎరువును దఫాలుగా వేయాలి.

4. జేగురు (లాటరైట్) నేలలు: అధిక వర్షాలకు పోషకాలు కొట్టుకొనిపోగా ఇనుము, అల్యూమినియం మిగిలినవి. ఆమ్లగుణం ఉండును. జీడిమామిడికి పనికివచ్చును.

5. చౌడు నేలలు: ఇవి రెండు రకాలు. పాల చౌడులో లవణాలు పైకి తెల్లగా పేరుకొంటాయి. మంచినీటితో కడిగి మురుగు కాలువల ద్వారా తీసివేయాలి. కారు చౌడులో సోడియం అధికం, ఉదజని సూచిక 8.5కు మించుతుంది, దీనికి జిప్సం అవసరం. ఈ భేదం తెలియక పాల చౌడులో జిప్సం వేయడం వృథా వ్యయం.

రుణానికి ముందు పరీక్ష

పండ్లతోట ఫలసాయం అందడానికి కొన్ని ఏండ్లు పడుతుంది. పై అడుగు మట్టి బాగున్నా, దిగువన సున్నపు పొరగాని నీరు దిగని బంకపొరగాని ఉన్నచో చెట్లు క్షీణిస్తాయి. అసలు, వడ్డీ మాత్రం మిగిలి ఉంటాయి. కావున తోటకు 6 అడుగుల లోతు గుంట త్రవ్వి, అడుగుకొక నమూనా తీయవలెను. మామూలు పంటలకు ఎకరానికి 8 నుండి 10 చోట్ల 6 అంగుళాల లోతు వరకు మట్టి తీసి, బాగా కలిపి, అరకిలో పరీక్షకు పంపిన చాలును. గట్ల ప్రక్కన, పెంటకుప్పల వద్ద, చెట్ల నీడన తీయరాదు.

2015లో ప్రారంభమైన భూసార కార్డుల పథకం క్రింద కార్డు పొందిన రైతులు దానిని రుణ దరఖాస్తుతో పాటు చూపుట మంచిది. ఎరువుల వ్యాపారులు కూడ అమ్మకానికి ముందు ఆ ఫలితాన్ని అడిగి చూచినచో రైతుకు అనవసరపు ఖర్చు తప్పుతుంది. పంట చేతికి వచ్చిన రైతు నుండి వారి బాకీ కూడ సకాలంలో వసూలవుతుంది.