కుక్కపిల్ల వచ్చిన ఇంటికి

మా సాలూరులో కుక్కపిల్లలకు కొదవ లేదు. లారీ షెడ్లలో, బాడీలు కట్టే చోట్ల, వేగావతి ఒడ్డున చలికాలం వచ్చేసరికి ఈనుతూనే ఉంటాయి. పిల్లలు చంకలో పెట్టుకొచ్చేస్తారు. పెద్దవాళ్లు మొదట వద్దంటారు, తర్వాత వాళ్లే అన్నం కలుపుతారు. మా ఇంట్లో పెరిగినవన్నీ ఇలా వచ్చిన ఊరకుక్కలే. కొత్తగా పెంచుతున్నవాళ్లకు పనికొస్తాయని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1. కళ్లు తెరిచిందని తెచ్చేయకండి. ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి. ఆటలో గట్టిగా కరిస్తే తోడబుట్టింది కుయ్యిమని అరిచి ఆట మానేస్తుంది. ఎంతవరకు కరవొచ్చో పిల్ల అక్కడే నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే ఆ చదువు మనం చెప్పాలి. తల్లి చెప్పినంత బాగా మనం చెప్పలేం.

2. మొదటి రాత్రులు ఏడుస్తుంది. వీధి వసారాలో ఒంటరిగా కట్టేయకండి. మీ మంచం పక్కనే గోనెసంచి మీద పాత చీర పరిచి పడుకోబెట్టండి. మనిషి ఊపిరి వినిపిస్తుంటే త్వరగా సర్దుకుంటుంది.

3. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట ఆగగానే పెరట్లో ఒకే మూలకు తీసుకెళ్లండి. పని కానిచ్చాక అక్కడికక్కడే మెచ్చుకోండి. రెండు నెలల పిల్ల మెలకువగా ఉంటే రెండు గంటలకు మించి ఆపుకోలేదు. ఇంట్లో పోసిందంటే మనం చూసుకోలేదనే. మూతి పట్టుకుని అందులో రాసే అలవాటు ఇంకా కొందరికి ఉంది. దయచేసి మానండి. దానికి తప్పు తెలియదు, మీరంటే భయం మాత్రం తెలుస్తుంది. ఆ తర్వాత మంచం కిందికి దూరి పోస్తుంది. వాసన పూర్తిగా పోయేలా కడగండి. వాసన ఉన్న చోటికే మళ్లీ వెళ్తుంది.

4. ఒక పనికి ఒకే మాట. అన్నిటికన్నా ఇదే ముఖ్యమని నా నమ్మకం. మాది ఒడిశా అంచు ఊరు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా, బడి పిల్లల నోట ఇంగ్లీషు. నాయనమ్మ ‘కూకో’ అంటుంది, మనవడు ‘సిట్’ అంటాడు, లారీ దిగొచ్చిన తండ్రి ‘బైఠ్’ అంటాడు. పాపం, ఆ పిల్ల ముగ్గురి మొహాలూ చూస్తుంది. ఏ భాషైనా పర్వాలేదు, ఇంటిల్లిపాదీ ఒక్క మాటకు కట్టుబడాలి. చెప్పింది చేసిన క్షణంలోనే ఉడికించిన గుడ్డు ముక్క పెట్టండి. కాసేపాగి పెడితే ఎందుకు పెట్టారో దానికి అర్థం కాదు. అయిదు నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడుసార్లు.

అన్ని మాటల్లోకీ ‘రా’ అన్నది ప్రాణం కాపాడే మాట. ఊళ్లోంచి 26వ నంబరు జాతీయ రహదారి పోతుంది. సుంకి ఘాట్ దిగిన లారీలు పగలూ రాత్రీ వస్తుంటాయి. రోడ్డు వైపు పరిగెత్తే పిల్ల ‘రా’ అనగానే వెనక్కి తిరగాలి. అందుకే ‘రా’ అని పిలిచి ఎప్పుడూ తిట్టకండి, కొట్టకండి, గొలుసు వేయకండి. పిలిచినప్పుడల్లా మంచే జరగాలి. అది పూర్తిగా అలవాటయ్యేదాకా తాడు లేకుండా గడప దాటనివ్వకండి.

5. ఆవుపాలు పోస్తే చాలా పిల్లలకు విరేచనాలవుతాయి. ఉప్పు వేయని చల్లారిన చోడి అంబలి, మెత్తటి అన్నంలో గుడ్డో ఎముకల్లేని మాంసమో కలిపి రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష కుక్కకు విషం. ఉడికిన కోడి ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

6. చెప్పులు కొరుకుతుంది. నాలుగో నెల నుంచి 28 పాలపళ్లు ఊడి 42 పళ్లు వస్తాయి, చిగుళ్లు సలుపుతాయి. చెప్పులు ఎత్తిపెట్టి, తడిపిన గుడ్డను ముడివేసి ఇవ్వండి.

7. ఎప్పుడూ కట్టేసి ఉంచితే కాపలా కాస్తుందనుకోవడం పొరపాటు. మనుషుల్ని, మేకల్ని, మోటారు సైకిళ్లను చిన్నప్పుడు చూడని కుక్క పెద్దయ్యాక వాటన్నిటికీ బెదిరి కరుస్తుంది. మూడున్నర నెలల లోపే అన్నీ చూపించండి. టీకాలు పూర్తికాకముందు మాత్రం నేల మీద దించకుండా చంకనెత్తుకుని తిప్పాలి. నిత్యం కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

8. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకా మొదలుపెట్టాలి. నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించాలి. నులిపురుగుల మందు డాక్టరును అడిగి తాగించండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు బూస్టర్లు. నాటుకుక్కకు ఏ జబ్బూ రాదన్న మాట నమ్మకండి. పార్వో వస్తే రెండు మూడు రోజుల్లోనే పిల్ల పోవచ్చు. రేబిస్ లక్షణాలు కనపడ్డాక కుక్కకైనా మనిషికైనా వైద్యం లేదు.

1885 జులై 6న లూయీ పాశ్చర్, కుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌కు తొలి రేబిస్ టీకా వేయించాడు. ఏటా ఆ తేదీన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. మీ పిల్లను తీసుకెళ్లండి. వీధిలో మీరు అన్నం పెట్టే కుక్క ఉంటే దాన్ని కూడా తీసుకెళ్లండి.