పాత కట్ట విప్పే పని



ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. నెల లోపలే దొంగ దొరికాడు. అది తేలిన కేసు.

ఇంకో ఇంట్లో ఆడపిల్ల కనబడకుండా పోయింది. అంతటా వెతికారు. దొరకలేదు. ఏడాది గడిచింది. నాలుగేళ్లు గడిచాయి. కాగితాలన్నీ కట్ట కట్టి ఠాణాలో ఒక మూలన పెట్టారు. అది మూలపడ్డ కేసు.

ఊరివాళ్లు మెల్లగా మరిచిపోతారు. ఠాణాలో ఉన్న సారు బదిలీ మీద వెళ్లిపోతాడు. కానీ కన్నతల్లి మరువదు. రాత్రిపూట తలుపు చప్పుడైతే చాలు, లేచి చూస్తుంది.

అలాంటి కట్టను మళ్లీ విప్పి, మొదటి కాగితం నుంచి చదివే అధికారులు ఉంటారు. వాళ్ల పని ఎట్లా ఉంటుంది? దానిలో మన పాత్ర ఏమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

బాయిలో పిల్లర్ల లాగా

మన ఇళ్లలో బాయిపని చేసిన వాళ్లను అడగండి, చెబుతారు. బొగ్గుబాయిలో ముందు గ్యాలరీలు తవ్వుతారు. పైకప్పు కూలకుండా మధ్యమధ్య బొగ్గు పిల్లర్లు వదిలేస్తారు. కొంతకాలం తరువాత మళ్లీ అదే చోటికి వెళ్లి ఆ పిల్లర్ల బొగ్గు తీస్తారు. దానినే డీపిల్లరింగ్ అంటారు. వదిలి వచ్చిన చోట బొగ్గు అయిపోలేదు. తీసే సమయం అప్పటికి రాలేదు, అంతే.

మూలపడ్డ కేసు కూడా అట్లాంటిదే. మొదటిసారి కంటపడనిది రెండోసారి కంటపడవచ్చు. పాత గ్యాలరీలోకి పోయేటప్పుడు కప్పును కర్రతో తట్టి చూస్తారు గదా! పాత కేసులో కూడా ప్రతి మాటనూ అట్లాగే తట్టి చూడాలి.

ఈ పని ఎవరు చేస్తారు?

ఏ కేసైనా ముందు మన ఠాణాదే. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల ఠాణాలు 2016 నుంచి రామగుండం పోలీస్ కమిషనరేట్ కిందికి వచ్చాయి. ఠాణాలో తేలని కేసు రాష్ట్ర సిఐడికి పోవచ్చు. కొందరు అధికారులతో ఒక ప్రత్యేక బృందం వేయవచ్చు. దానిని సిట్ అంటారు. హైకోర్టు కేసును సిబిఐకి కూడా అప్పగించవచ్చు.

"ఇన్నేళ్లయింది, ఇప్పుడు చట్టం ఒప్పుకుంటుందా?" అని చాలామంది అడుగుతారు. ఒప్పుకుంటుంది. చిన్న నేరాలకు గడువు ఉంది. కానీ మూడేళ్లకు మించి జైలుశిక్ష పడే నేరాలకు గడువు లేదు. హత్యకు గడువు లేదు. అత్యాచారానికి గడువు లేదు. కొత్త సాక్ష్యం దొరికితే పోలీసులు మళ్లీ దర్యాప్తు చేయవచ్చు.

మొదటి పని చదవడమే

సినిమాలో పోలీసు పరుగెత్తుతాడు. పాత కేసు చూసే అధికారి మాత్రం ముందు కూర్చుంటాడు. చదువుతాడు. ఎఫ్ఐఆర్, పంచనామా, సాక్షుల మాటలు, డాక్టరు రిపోర్టు, అన్నీ చదువుతాడు. ఒక పెద్ద కాగితం మీద ఏ రోజు, ఏ గంటకు, ఎవరు ఎక్కడ ఉన్నారో రాసుకుంటాడు.

ఒక ఉదాహరణ అనుకుందాం. "ఆ రోజు నేను సెకండ్ షిఫ్టులో ఉన్నాను" అని ఒకడు చెప్పాడు. అప్పట్లో అందరూ నమ్మారు. ఇప్పుడు వచ్చిన అధికారి పాత ముస్టరు తెప్పించి చూశాడు. ఆ తేదీకి అతని హాజరు లేదు! అబద్ధం అక్కడ బయటపడింది. అదీ చదువుకు ఉన్న బలం.

తరువాత పని మనుషులను కలవడం. ఆనాడు పక్కింటామె ఏదో చూసింది. భయపడి చెప్పలేదు. పదేళ్ల తరువాత ఆ భయం పెట్టినవాడు ఊళ్లో లేడు. ఆమె మనసులో బరువు మాత్రం అట్లాగే ఉంది. ఓపికగా అడిగితే చెబుతుంది. కాలం సాక్ష్యాన్ని చెరుపుతుంది, నిజమే. కానీ కాలం భయాన్ని కూడా చెరుపుతుంది.

మూడో పని వస్తువులను చూడడం. ఆనాడు దాచిన చీర, కత్తి, గాజుముక్క, రక్తపు మరక అన్నింటినీ ల్యాబుకు పంపి కొత్త పద్ధతిలో పరీక్ష చేయిస్తారు.

హాజీపూర్ బావులు

మన రాష్ట్రంలో జరిగిన సంగతి ఇది. యాదాద్రి భువనగిరి జిల్లాలో హాజీపూర్ అనే ఊరు ఉంది. 2019 ఏప్రిల్‌లో అక్కడ తొమ్మిదో తరగతి చదివే పిల్ల కనబడకుండా పోయింది. వెతికితే పాడుబడ్డ వ్యవసాయ బావిలో శవం దొరికింది. పోలీసులు అదే ఊరివాణ్ణి ఒకణ్ణి పట్టుకున్నారు.

అంతటితో ఆగితే అది ఒక్క కేసే. కానీ దర్యాప్తు వెనక్కి పోయింది. అంతకు ముందు ఆ చుట్టుపక్కల ఇంకెవరైనా పిల్లలు పోయారా అని చూశారు. పోయారు. ఒక కాలేజీ పిల్ల 2019 మార్చిలో పోయింది. పక్క ఊరికి చెందిన పదకొండేళ్ల పిల్ల 2015లో పోయింది. ఇద్దరి అవశేషాలూ అటువంటి పాడుబావుల్లోనే దొరికాయి. 2020 ఫిబ్రవరిలో నల్గొండలోని ప్రత్యేక కోర్టు నేరం రుజువైందని తీర్పు చెప్పింది. నిందితుడికి ఉరిశిక్ష వేసింది.

ఆలోచించండి. 2015లో పోయిన పిల్ల కేసు నాలుగేళ్లు తేలలేదు. కాలేజీ పిల్ల పోయినప్పుడు ఫిర్యాదు ఠాణాకు చేరనే లేదు. ఆడపిల్ల కనబడకపోతే మన దగ్గర మొదట వచ్చే మాట ఏమిటి? "ఎవడితోనో పోయి ఉంటుంది." ఆ మాటకు జడిసి ఎన్నో ఇళ్లు నోరు మూసుకుంటాయి. నేరం చేసినవాడికి కావలసింది కూడా అదే. పాత కేసును మూలన పడేస్తే పోయిన పిల్లకే కాదు, ఇంకా పోని పిల్లకు కూడా ముప్పు.

వేలిముద్ర నుంచి డిఎన్ఎ దాకా

మనం వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్నాం. మంచిదే. కానీ వేలిముద్రకు ఇంకో పని ఉంది. ఏ ఇద్దరి వేలిముద్రలూ ఒక్కటిగా ఉండవు. అందుకే 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం తెరిచారు. ఇప్పుడు కంప్యూటర్ పాత ముద్రలను కొత్త ముద్రలతో నిమిషాల్లో పోల్చి చూస్తుంది.

వేలిముద్ర వేలికే ఉంటుంది. డిఎన్ఎ ఒళ్లంతా ఉంటుంది. రక్తపు చుక్కలో, ఉమ్మిలో, వెంట్రుక కుదుట్లో, ఎముకలో, పంటిలో ఉంటుంది. బిడ్డ డిఎన్ఎలో సగం తల్లిది, సగం తండ్రిది. అందుకే ఏళ్ల తరువాత ఒక ఎముక దొరికినా, అది ఫలానా తల్లి బిడ్డదే అని చెప్పవచ్చు.

ఇంగ్లండు దేశంలో 1983లో ఒక ఆడపిల్ల, 1986లో పక్క ఊళ్లో ఇంకో ఆడపిల్ల హత్యకు గురయ్యారు. పోలీసులు ఒక కుర్రవాణ్ణి పట్టుకున్నారు. రెండో హత్య తానే చేశానని అతను ఒప్పుకున్నాడు కూడా! అయితే అలెక్ జెఫ్రీస్ అనే శాస్త్రవేత్త డిఎన్ఎ పరీక్ష చేశాడు. రెండు నేరాలూ ఒక్కడే చేశాడు, కానీ ఆ కుర్రవాడు కాదు అని తేలింది. తరువాత అసలు దోషి దొరికాడు. 1988లో అతనికి శిక్ష పడింది. చూశారా! ఆ పరీక్ష ముందు అమాయకుణ్ణి కాపాడింది. ఆ తరువాతే దోషిని పట్టించింది.

మన దేశంలో ఈ విద్యకు పుట్టిల్లు హైదరాబాదే. అక్కడి సిసిఎంబి అనే సంస్థలో లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు 1988లో డిఎన్ఎ పరీక్షకు సొంత పద్ధతి తయారు చేశారు.

ఐదేళ్లకు ఇల్లు చేరిన పిల్లవాడు

పాత కేసు అంటే చావు కబురే కానక్కరలేదు. తెలంగాణ పోలీసులు 2018లో దర్పణ్ అనే పద్ధతి మొదలుపెట్టారు. తప్పిపోయిన పిల్లల ఫోటోలను, అనాథ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల ఫోటోలను కంప్యూటర్ పోల్చి చూస్తుంది.

ఉత్తరప్రదేశ్‌లో 2015లో ఒక పిల్లవాడు తప్పిపోయాడు. ఎక్కడో దూరాన అస్సాంలో పిల్లల ఆశ్రమానికి చేరాడు. తల్లిదండ్రులు ఒకచోట, బిడ్డ ఒకచోట. 2020లో ఇక్కడి పోలీసులు ఈ రెండు ఫోటోలనూ కలిపారు. ఐదేళ్ల తరువాత పిల్లవాడు కన్నవాళ్ల దగ్గరికి చేరాడు. అతన్ని కలిపింది ఒక ఫోటో!

దాచకపోతే దొరకదు

2007లో విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో కాలేజీ చదివే అమ్మాయిని చంపారు. మరుసటి ఏడాది పోలీసులు ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో కోర్టు శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడిచిపెట్టింది. అప్పటికి ఎనిమిదేళ్లు అతను జైల్లోనే ఉన్నాడు. కేసు మళ్లీ మొదటికి వచ్చింది. 2018లో హైకోర్టు దానిని సిబిఐకి ఇచ్చింది.

తీరా చూస్తే, కోర్టులో దాచిన పాత ఆధారాలు నాశనమయ్యాయని తేలింది. చివరికి 2019లో, పన్నెండేళ్ల తరువాత, సమాధి తవ్వి అవశేషాలను పరీక్షకు పంపవలసి వచ్చింది. కన్నవాళ్లకు అది ఎంత కడుపుకోతో చెప్పనక్కరలేదు. కాబట్టి వస్తువును దాచడం కూడా దర్యాప్తులో భాగమే.

మన చేతిలో ఉన్నది

రేపు కట్ట విప్పే అధికారికి అందులో ఏముంటుంది? ఈరోజు మనం పెట్టిందే ఉంటుంది. అందుకని ఇవి గుర్తుంచుకుందాం.

1. మనిషి కనబడకపోతే అదే రోజు ఫిర్యాదు ఇవ్వండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నియమం లేదు. 100 లేదా 112కు ఫోన్ చేయవచ్చు. పిల్లలైతే 1098 కూడా ఉంది.

2. ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దానిని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. "మా హద్దు కాదు" అని తిప్పి పంపకూడదు.

3. ఫిర్యాదును మీరే చదవండి. చెప్పినట్టే రాశారా అని చూసిన తరువాతే సంతకం పెట్టండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

4. ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ, అధికారి పేరు ఒక నోటు పుస్తకంలో రాయండి. ఠాణాకు వెళ్లిన ప్రతిసారీ తేదీ వేసి, ఏం చెప్పారో రాయండి.

5. పిల్లలకు ఏటా ఒక ఫోటో తీయించండి. పుట్టుమచ్చలు, మచ్చలు, గుర్తులు రాసి పెట్టండి.

6. నేరం జరిగిన చోటును ముట్టుకోవద్దు, కడగవద్దు. ఒంటి మీది బట్టలు ఉతకవద్దు. తడి బట్టను ప్లాస్టిక్ కవర్లో పెడితే పాడవుతుంది. ఆరనిచ్చి కాగితపు సంచిలో పెట్టి పోలీసులకు ఇవ్వండి.

7. కొత్త చట్టం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లో బాధితులకు చెప్పాలి.

8. తప్పిపోయిన పిల్లల కేసులో ఎఫ్ఐఆర్ రాయాలని, నాలుగు నెలల్లో దొరకకపోతే మనుషుల అక్రమ రవాణాను అరికట్టే విభాగానికి పంపాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది.

9. కేసు మూసేస్తామని పోలీసులు కోర్టుకు రాస్తే, ఫిర్యాదు ఇచ్చినవారికి నోటీసు రావాలి. సుప్రీంకోర్టు 1985లోనే ఈ మాట చెప్పింది. "ఒప్పుకోను, మళ్లీ చూడండి" అని మీరు కోర్టులో చెప్పవచ్చు. వకీలుకు ఇచ్చే డబ్బు లేదా? ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

మన పిల్లలు కూడా

ఈ పనిలోకి మన ఆడపిల్లలు కూడా పోవచ్చు. కానిస్టేబుల్‌కు ఇంటర్ చదవాలి. ఎస్ఐకి డిగ్రీ చదవాలి. సైన్సు చదివిన పిల్ల పరీక్షల ల్యాబులో పనిచేయవచ్చు. ఆడవాళ్లు చెప్పుకోలేని మాటలు ఎన్నో ఉంటాయి. అడిగేది ఆడమనిషి అయితే ఆ మాటలు నోరు దాటి వస్తాయి.

పాత కేసు కట్టలో దొంగ పేరు ఉంటుందో ఉండదో చెప్పలేం. కానీ మన ఫిర్యాదు ఉండాలి. తేదీ ఉండాలి. మన సంతకం ఉండాలి. అవి ఉంటే, ఎన్నేళ్లకైనా ఎవరో ఒకరు విప్పి చదువుతారు.

కొత్త మాటలు

దర్యాప్తు: నేరం ఎట్లా జరిగిందో, ఎవరు చేశారో విచారించడం
పంచనామా: పెద్దమనుషుల ఎదుట, జరిగిన చోటును చూసి రాసుకునే కాగితం
ఆధారం: నిజాన్ని చూపే వస్తువు, మాట లేదా కాగితం
నకలు: అసలు కాగితానికి మారు ప్రతి
నిర్దోషి: తప్పు చేయనివాడు
అవశేషాలు: చనిపోయినవారి మిగిలిన ఎముకలు మొదలైనవి

చదివి చెప్పండి

1. మూలపడ్డ కేసును డీపిల్లరింగ్‌తో ఎందుకు పోల్చారు?
2. ఏ నేరాలకు గడువు లేదు?
3. "ఎవడితోనో పోయి ఉంటుంది" అనే మాట వల్ల ఎవరికి మేలు? ఎవరికి కీడు?
4. తడి బట్టను దేనిలో పెట్టాలి? ఎందుకు?

మీరే రాయండి

మీ ఇంట్లోని ఒక పిల్లవాడి లేక పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, పుట్టుమచ్చలు నోటు పుస్తకంలో రాయండి. కింద తేదీ వేసి సంతకం పెట్టండి. దానిని ఫోటోతో కలిపి పెట్టెలో భద్రంగా దాచండి.